ఏడున్నరకు పరుగు

ఒడిశాలోని మా సిమిలిగుడలో పరుగెత్తే మనిషి కనబడితే జనం అడిగే మొదటి ప్రశ్న "ఏ సెలక్షన్‌కి?" అని. సైన్యంలోనో పోలీసులోనో చేరాలనుకునే కుర్రాళ్ళు చలికాలంలో తెల్లవారుజాము నాలుగున్నరకే జాతీయ రహదారి మీద గుంపులుగా పరుగెత్తుతారు. వాళ్ళు తప్ప ఊళ్ళో ఇంకెవరూ ఆ పని చేయరు. అందువల్ల నలభై ఏడేళ్ళ వయసులో, చుడీదారు మీద మఫ్లరు చుట్టుకుని, నడక కంటే కాస్త ఎక్కువైన వేగంతో ఉదయం ఏడున్నరకు పోతున్న నన్ను టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు ఆ ప్రశ్న నవ్వుకోడానికే అడుగుతారు. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. అక్కడ ఒక్క ముక్కలో చెప్పలేని జవాబు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నన్ను పరుగు మాన్పించినది పరుగు కోసమే తయారైన ఒక యాప్. మళ్ళీ రోడ్డెక్కించినది పరుగుతో ఏ సంబంధమూ లేని ఒక చిన్న వీడియో గేమ్. చమత్కారానికి అంటున్న మాట కాదు ఇది. వ్యాయామం గురించి మనకు అందే సలహాల్లో చాలా భాగం ఎక్కడ తప్పుతోందో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే నాకు అర్థమైంది.

సాలూరు దాటి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా వస్తే కొరాపుట్ పీఠభూమి మీదికి చేరతాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కింద సాలూరులో పంకా తిరుగుతున్న రోజున కూడా ఇక్కడ స్వెట్టరు విప్పబుద్ధి కాదు. డిసెంబరు నడిమి నుంచి జనవరి చివరిదాకా రాత్రి ఉష్ణోగ్రత తరచుగా ఒంటి అంకెలోకి దిగిపోతుంది. మా మామగారి తండ్రి సాలూరు నుంచి ఇనుప సామాను తెచ్చి ఈ సంతల్లో అమ్ముతూ, చివరికి ఇక్కడే కొట్టు పెట్టుకుని ఉండిపోయారు. మూడు తరాలుగా మాది ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంత రోజున కొండపల్లెలవాళ్ళు మాట్లాడే దేశియా. కొట్టు లెక్కలు నావి. అంటే ఉదయం తొమ్మిదిన్నర మొదలు రాత్రి ఎనిమిది దాకా అదే కుర్చీ, అదే పాత ల్యాప్‌టాప్, అందులో ట్యాలీ. 2022 దసరా వెళ్ళాక చేయించుకున్న రక్తపరీక్షలో చక్కెర హద్దు మీదికి వచ్చి కూర్చుందని తేలింది. డాక్టరు మందు రాయలేదు. నడవమని, ఒళ్ళు సహకరిస్తే మెల్లగా పరుగెత్తమని చెప్పారు. ఆ "మెల్లగా" అన్న మాటను నేను వినిపించుకోలేదు.

విశాఖలో ఉండే మా పెదనాన్న కొడుకు ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. దాని పేరు చెప్పి ప్రయోజనం లేదు, అలాంటివి బోలెడు. రోజూ పరుగెత్తితే ఒక చిన్న మంట బొమ్మ వెలుగుతుంది, ఎన్ని రోజులు వరసగా పరుగెత్తామో దాని పక్కన అంకె పెరుగుతుంది, ఇరవై ఒకటో రోజున పతకం వస్తుంది. తెలిసినవాళ్ళందరినీ ఒక పట్టికలో వేసి ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో వారం వారం చూపిస్తుంది. అన్నయ్య బీచ్ రోడ్డు మీద, సముద్రపు గాలిలో, బల్లపరుపు నేల మీద పరుగెత్తుతాడు. నేను ఘాట్ రోడ్డు ఎగుడుదిగుళ్ళలో, ఎదుటి మనిషి కనబడని మంచులో పరుగెత్తుతాను. ఆ తేడా యాప్‌కు పట్టదు. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందన్నదే దాని లెక్క. లెక్కలు రాసే మనిషిని కదా, పట్టికలో నా పేరు అట్టడుగున ఉండడం నాకు నచ్చలేదు.

పందొమ్మిదో రోజు. సమయం నాలుగూముప్పావు. పొద్దున్నే లేచేవాళ్ళే బాగుపడతారని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం కాబట్టి ఆ వేళలో అనుమానించవలసినది ఏమైనా ఉందని నాకు తోచలేదు. నూలు బనియను, దాని మీద నూలు కమీజు, దాని మీద అత్తయ్య అల్లిన దళసరి ఉన్ని స్వెట్టరు. బయలుదేరుతుంటే అత్తయ్య వసారాలోంచి, "ఈ మంచులో పరుగేటే తల్లీ, ఎవుల్ని పట్టుకోడానికి?" అన్నారు. కిలోమీటరు దాటేసరికి లోపలి బట్ట చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు, లారీ క్లీనర్లు చలి కాచుకోడానికి కట్టెలు, అట్టపెట్టెలు, దొరికితే సైకిల్ టైరు ముక్కలు వేసి మంటలు పెడతారు. ఆ పొగ పైకి పోలేదు. మనిషి తల ఎత్తున, పరిచిన దుప్పటిలాగా రోడ్డంతా కదలకుండా నిలబడి ఉంది. టార్చి వెలుగులో దాని పై అంచు గీత గీసినట్టు కనబడింది. నేను నోరు తెరుచుకుని అందులోంచే పరుగెత్తాను. ఆగిన కొద్ది నిమిషాలకు ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరి వదిలినప్పుడల్లా పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ కంగారులో రోడ్డంచు చూసుకోక చీలమండ బెణికింది. ఇంటికి ఆటోలో వచ్చాను. మర్నాటి రాత్రి ఫోను మోగితే చూశాను: మీ వరస తెగింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి అని. మంట ఆరిపోయిన బొమ్మ ఒకటి దాని పక్కన.

ఏడు వారాలు పరుగు బూట్ల వైపు కూడా చూడలేదు.

అసలేం జరిగిందో తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాను. చలికాలంలో రాత్రిపూట నేల తన వేడిని వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. చుట్టూ కొండలున్న మా వంటి ఊళ్ళలో ఈ మూత మరీ గట్టిగా పడుతుంది. పొయ్యిల పొగ, లారీల పొగ, చెత్త మంటల పొగ అంతా దాని కిందే. ఎండ పడి నేల వేడెక్కితేనే గాలి కలగాపులగమై మూత లేస్తుంది. జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేదే ఆరున్నర ప్రాంతంలో. కాబట్టి స్వచ్ఛమైన ప్రాతఃకాల వాయువు అని మనం చెప్పుకునేది చలికాలంలో, మనుషులు మంటలు వేసుకునే ఊళ్ళో, చాలాసార్లు రోజు మొత్తంలోకీ చెడ్డ గాలి.

రెండో సంగతి తేమ. మంచు కమ్మిన గాలి తడితడిగా తోస్తుంది గనుక ఊపిరితిత్తులకు హాయిగా ఉంటుందనుకుంటాం. కానీ 8 డిగ్రీల చల్లదనంలో గాలి ఎంత నిండుగా తేమ పట్టినా ఘనపు మీటరుకు 8 గ్రాములకు అటూ ఇటూగా పడుతుంది. మన ఒంటి వేడిలో, ఊపిరితిత్తుల లోపల ఉండే గాలిలో అది 44 గ్రాముల దాకా ఉంటుంది. ఈ తేడాను ప్రతి ఊపిరికీ మన శ్వాసనాళాలే భర్తీ చేయాలి. నిదానంగా ఉన్నప్పుడు ముక్కు ఆ పని చేసిపెడుతుంది. రొప్పుతూ నోటితో పీల్చినప్పుడు చల్లని పొడిగాలి నేరుగా లోపలికి దిగి నాళాల లోపొరను ఎండగడుతుంది, కొందరికి అవి ముడుచుకుపోతాయి. ఉబ్బసం లేనివాళ్ళకూ ఇలా జరగవచ్చు. పరుగులో కంటే ఆగిన తర్వాత ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య ఎక్కువ అవుతుంది కాబట్టి చాలామంది దాన్ని పరుగుకు ముడిపెట్టక జలుబు అనుకుంటారు. మళ్ళీ మళ్ళీ వస్తే డాక్టరుకు చూపించుకోవాలి, దానికి మందులున్నాయి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని పోటు పెరుగుతుంది, ఆ సమయంలో ఉన్నట్టుండి జోరుగా పరుగందుకోవడం గుండెకు రెండు బరువులు ఒకేసారి ఎత్తడం.

ఇవేవీ రహస్యాలు కావు. అయినా నాకు సలహా ఇచ్చిన పదిమందిలో ఒక్కరూ చెప్పలేదు. అందరూ చెప్పినది పట్టుదల గురించి.

ఆ సంక్రాంతికి మా అమ్మాయి విశాఖ నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది. కాలు దిండు మీద పెట్టుకుని మూలుగుతున్న నన్ను చూసి, కొట్టు ల్యాప్‌టాప్‌లో ట్యాలీ పక్కన ఒక ఆట ఎక్కించి, "అమ్మా, ఇందులో ఎవరినీ చంపక్కర్లేదు, ఓడిపోవడం కూడా లేదు, ఊరికే ఆడు" అంది. దాని పేరు "ఎ షార్ట్ హైక్". ఆడమ్ రాబిన్సన్-యూ అనే కెనడా యువకుడు చేసిన ఆట, 2019లో వచ్చింది. పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. ఏకబిగిన ఆడితే రెండు గంటలలోపే అయిపోతుంది. నాకు నాలుగు రాత్రులు పట్టింది.

కథ చాలా చిన్నది. క్లెయిర్ అనే పక్షిపిల్ల సెలవులకు పిన్ని దగ్గరికి, ఒక దీవిలోని పార్కుకు వస్తుంది. ఒక ఫోను కాల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కానీ దీవిలో సిగ్నల్ లేదు. కొండ శిఖరం మీద మాత్రమే దొరుకుతుందట. అందుకని కొండ ఎక్కాలి. ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. ఎన్ని ఈకలు ఉంటే అంత సేపు రాతిని పట్టుకుని పైకి పాకగలదు, అన్నిసార్లు రెక్క విదిలించగలదు. దారిలో ఎవరో పడవ నడుపుతుంటారు, ఎవరో చేపలు పడుతుంటారు, ఎవరికో ఏదో పోయి వెతుకుతుంటారు. వాళ్ళతో మాట్లాడవచ్చు, మానవచ్చు. కొండ ఎక్కడానికి గడువు లేదు. స్థానాల పట్టిక లేదు. రెండు రోజులు తెరవకపోతే మంట ఆర్పేసి అలిగే బొమ్మ లేదు.

నా అలవాటు కొద్దీ మొదటి రాత్రి తిన్నగా శిఖరం మీదికే బయలుదేరాను. చేతిలో ఉన్నవి రెండో మూడో ఈకలు. సగం పాకి, పట్టు తప్పి, జారి కింద పడ్డాను. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పడ్డాను. పక్కన కూర్చుని జపమాల తిప్పుకుంటున్న అత్తయ్య, "ఆ పిట్టకి రెక్కలున్నాయి కదే, జారినప్పుడు విప్పుకోమను," అన్నారు. నిజమే. రెక్కలు విప్పితే పడటం మాని తేలుతుంది, అలా తేలుతూ నేను అంతకుముందు చూడని సముద్రపు ఒడ్డుకు దిగింది. అక్కడ ఒక ఈక దొరికింది. మర్నాటి నుంచి అత్తయ్య రోజూ రాత్రి భోజనాల వేళ అడిగే మాట, "పిట్ట ఎక్కిందేటి?"

శిఖరం దగ్గరికి వచ్చేసరికి మంచు మొదలవుతుంది. చలికి ఈకలు గడ్డకడతాయి. గడ్డకట్టిన ఈక ఎక్కడానికి పనికిరాదు. ఆ దారిలోనే వేడినీటి బుగ్గలున్నాయి, వాటిలోకి దిగితే ఈకలు కరిగి మళ్ళీ పనిలోకి వస్తాయి. ఈ చోటు దగ్గర నేను ఆట ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా కాలు దిండు మీద ఉంది. చలిలో ఉన్న బలం సగానికి తగ్గుతుందని, వెచ్చబడటానికి ఆగడం కూడా ఎక్కడంలో భాగమేనని, ఆగినందుకు ఎవరూ నన్ను ఒకటో అంకెకు తోసెయ్యరని ఒక బొమ్మపిట్ట చెబుతుంటే, పందొమ్మిది రోజులు నా ఫోను ఏం చెప్పిందో గుర్తుకొచ్చింది. శిఖరం మీద ఏం జరుగుతుందో రాయను. ఆ ఫోను మోగినప్పుడు నేను కళ్ళు తుడుచుకున్నానని, అత్తయ్య ఏమీ అనకుండా దీపం తగ్గించి వెళ్ళిపోయారని మాత్రం చెప్పగలను.

యాప్, ఆట రెండూ ఆటలే. తేడా మనిషిని చూసే తీరులో ఉంది. యాప్‌లో మంట, పతకం, స్థానం అన్నీ ఆటల నుంచి తెచ్చుకున్న సరుకే, అదీ ఆటల్లోని చెత్త సరుకు. ఉన్నది పోతుందన్న భయం మీద అది నడుస్తుంది. నేను పరుగెత్తినది ఆరోగ్యం కోసం కాదు, అంకె తెగకుండా ఉండటం కోసం. తెగాక పరుగెత్తడానికి కారణమే మిగల్లేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 39,000 మంది ఆటగాళ్ళను, ఏడు వీడియో గేముల కంపెనీల నుంచి తీసుకున్న అసలు లెక్కలతో, ఆరు వారాలు గమనించారు. ఆడిన గంటలు పెరిగినా తగ్గినా మనసు బాగోగుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇష్టపడి ఆడుతున్నారా, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నారా అన్న తేడా మాత్రం కనబడింది. ఈ ఫలితాన్ని పరుగుకు వర్తింపజేయడం పరిశోధకుల పని కాదు, నా పని. నా అనుభవం వరకు అది అక్షరాలా వర్తించింది.

దీనికి రెండు ఎదురు మాటలు విన్నాను. మొదటిది మావారిది: లెక్క లేకపోతే ముందుకు పోతున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? కొట్టు నడిపే మనిషి ప్రశ్న, న్యాయమైనదే. కానీ ఏ లెక్క అన్నది చూసుకోవాలి. అందరూ వల్లించే రోజుకు పదివేల అడుగుల మాట ఏ వైద్యుడి చీటీలోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు "మాన్‌పో-కెయ్", అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే లోకమంతా లక్ష్యంగా స్థిరపడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇంతకంటే ఓర్పు గలది: పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, వీటితో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని. అంతకుముందు ఒక విడతకు కనీసం పది నిమిషాలుండాలన్న షరతు ఉండేది, 2020లో దాన్నీ తీసేశారు. లెక్క వారానికి అన్నది గమనించండి. ఒకరోజు జ్వరమొస్తే, ఒకరోజు బంధువులొస్తే, ఒకరోజు ఊరికే బద్ధకించినా, వారం తెగదు. నేనిప్పుడు వారానికి ఐదు రోజులు ముప్పై ఐదు నిమిషాల చొప్పున పోతున్నాను. కండరాల సంగతి కొట్లో మేకుల పెట్టెలు చూసుకుంటున్నాయి.

రెండో ఎదురు మాట: వీడియో గేములు మనిషిని కదలనివ్వవు, పిల్లలను చెడగొడతాయి, వాటిని పొగడటమేమిటని. చాలా ఆటల విషయంలో ఈ మాట ఒప్పుకుంటాను. ఫోనులో మా కొట్టు కుర్రాళ్ళు ఆడేవాటిలో సగం ఐదు నిమిషాలకోసారి ఏదో కొనమని పీడిస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించవలసి వచ్చిందంటే ఆ వ్యవహారం ఎక్కడిదాకా పోయిందో తెలుస్తూనే ఉంది. అందుకే ఆటను ఎంచుకోవడంలో నేను చూసేది ఒక్కటే: మూసేయాలనిపించినప్పుడు మూయనిస్తుందా? ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన, 2016లో వచ్చిన "స్టార్‌డ్యూ వ్యాలీ" అనే వ్యవసాయపు ఆటలో ఒంట్లో ఓపిక పూర్తిగా పోయేదాకా పార పట్టుకుంటే మర్నాడు సగం ఓపికతోనే నిద్ర లేస్తాం. ఇది నాకు ఏ జిమ్ పోస్టరులోనూ కనబడని వివేకం. 2018లో వచ్చిన "సెలెస్ట్" కొండెక్కే ఆటే, చాలా కష్టమైనది. మా అమ్మాయి వందలసార్లు పడి గెలిచింది. కష్టమనిపించినవాళ్ళు ఆట వేగాన్ని సగానికి తగ్గించుకునే వీలు అందులోనే ఉంది. నేను తగ్గించుకున్నా పూర్తిచేయలేదు. కానీ అందులో గాలిలో ఆగిపోయిన రోప్‌వే పెట్టెలో కథానాయిక అమ్మాయికి గుండెదడ వచ్చినప్పుడు, ఒక ఈకను ఊహించుకుని ఊపిరితో దాన్ని పడిపోకుండా మెల్లగా పైకీ కిందికీ తేలించమని స్నేహితుడు నేర్పే ఘట్టం ఉంది. నాకు పిల్లికూతల భయం పట్టుకున్న రోజుల్లో, పరుగు మొదలుపెట్టే ముందు వసారాలో నిలబడి అదే చేసేదాన్ని. ఆట ఆడితే ఒంటికి వ్యాయామం అవుతుందని నేను అనడం లేదు. రాత్రి ఆడిన ఆట పొద్దున్న పరుగుకు కావలసిన మనసునిచ్చిందంటున్నాను.

మెల్లగా పరుగెత్తడం చేతకాని పని అనుకునేవాళ్ళకు ఒక పాత సంగతి. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయపు పరుగుల కోచ్ బిల్ బవర్‌మన్, తర్వాత నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకడు, 1962లో న్యూజీలాండ్ వెళ్ళి ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్‌ను కలిశాడు. అక్కడ ఆక్లండ్‌లో మామూలు జనం, ముసలివాళ్ళతో సహా, మాట్లాడుకునే వేగంతో గుంపుగా పరుగెత్తుతున్నారు. వాళ్ళతో కలిసిన బవర్‌మన్ వెనకబడిపోతే, గుండెపోట్లు వచ్చి తేరుకున్న డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన పక్కన కబుర్లు చెబుతూ తోడు వచ్చాడట. ఆ అనుభవం మీదనే బవర్‌మన్ 1967లో జాగింగ్ గురించి పుస్తకం రాశాడు, అమెరికాలో జనం వీధుల్లో పరుగెత్తడానికి అదొక కారణమైంది. దానికి భిన్నంగా, 2006 మే నెలలో మా రాష్ట్రంలోనే నాలుగేళ్ళ పసివాణ్ణి పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరుగెత్తిస్తే, ఏడు గంటల తర్వాత వాడు కూలబడేదాకా దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు. కష్టం కనబడితే చప్పట్లు కొట్టే అలవాటు మనకు ఎంత లోతుగా ఉందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నా వేగానికి నేను పెట్టుకున్న కొలత పదమూడో ఎక్కం. పరుగెత్తుతూ పైకే చదువుతాను. "పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి" అన్నది ఒక్క ఊపిరిలో రావాలి. మధ్యలో తెగితే వేగం ఎక్కువైనట్టు, నడకలోకి దిగిపోతాను. ఎగువదారిలో ఎప్పుడూ నడకే. మిగతా ఏర్పాట్లు కూడా అలాగే కుదురుకున్నాయి. ఏడు గంటలకు లేచి ఇంట్లోనే పది నిమిషాలు అటూ ఇటూ నడిచి, మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి ఒళ్ళు వెచ్చజేసుకుంటాను, అలా చేస్తే శ్వాసనాళాలు ముడుచుకోవడం తగ్గుతుంది. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. నూలు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, ఆగిన మరుక్షణం ఆ తడి చల్లబడి వీపు మీద తడిగుడ్డ పరిచినట్టవుతుంది. జయపురంలో కొన్న పల్చటి పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఒక్క పొర, అంతే. పరుగులో కండరాలు ఖర్చుచేసే శక్తిలో ముప్పాతిక భాగం వేడిగానే బయటికి పోతుంది కాబట్టి గడప దాటినప్పుడు కాస్త వణికినట్టుంటేనే బట్టలు సరిపోయినట్టు లెక్క. చెవులకు, చేతులకు మాత్రం ఈ మాట వర్తించదు, వాటిని కప్పాలి. మఫ్లరు ముక్కు మీదుగా వదులుగా చుట్టుకుంటే మనం వదిలిన ఊపిరిలోని వెచ్చదనం, తేమ అందులో నిలిచి తర్వాతి ఊపిరికి పనికొస్తాయి. ఇంటికి రాగానే ముందు తడిబట్ట మార్చి, ఆ తర్వాతే కబుర్లు. చలికి దాహం తెలియదు, అయినా నీళ్ళు తాగాలి. నాకు అత్తయ్య గోరువెచ్చని చోడంబలి, అంటే రాగి అంబలి, ఇస్తారు, అందులో నీళ్ళూ ఉన్నాయి, తిండీ ఉంది.

ఇంత రాశాక ఒక సంగతి దాచుకోకూడదు. కుందులి సంత రోజున నేను పరుగెత్తే రోడ్డు మీదనే కొండల మీది పల్లెల నుంచి ఆడవాళ్ళు నెత్తిన గంపలతో, మగవాళ్ళు కావళ్ళతో పది పన్నెండు కిలోమీటర్లు నడిచి వస్తుంటారు. అల్లం, దుంపలు, పసుపు. వాళ్ళ పక్కనుంచి మఫ్లరు కట్టుకుని ఖాళీ చేతులతో పరుగెత్తడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. వ్యాయామం కూర్చుని బతికేవాళ్ళకు వచ్చిన అవసరం. ఈ సలహాలు వాళ్ళ కోసం కావు, నా వంటి కుర్చీమనుషుల కోసం. ఒకసారి ఒకావిడ గంప దించుకుని గట్టు మీద కూర్చుంటూ, ఎవరు తరుముతున్నారని దేశియాలో అడిగింది. ఎవరూ లేరన్నాను. "మరయితే కూర్చో," అంది. కూర్చున్నాను. మా అత్తయ్య ఆ పందొమ్మిదో రోజున అడిగినదీ ఇంచుమించు ఇదే ప్రశ్న.

నా వాదం చెల్లని చోటు ఇంకొకటి ఉంది, అది పోయిన జనవరిలో ఎదురైంది. టీకొట్టు వెనక గోడకు ఆనుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఊపిరి వదులుతుంటే నాకు బాగా తెలిసిన ఆ పిల్లికూతలు. ఆగి, కూర్చోబెట్టి, నా మఫ్లరు వాడి ముక్కుకు కట్టి, ముక్కుతో మెల్లగా పీల్చమన్నాను. కాసేపటికి సర్దుకున్నాక నాకు తెలిసినదంతా చెప్పాను: ముందు ఒళ్ళు వెచ్చజేసుకోవడం, పొగ, పొద్దెక్కాక పరుగు, డాక్టరుకు చూపించుకోవడం. శ్రద్ధగానే విన్నాడు. "మావుసీ, 1.6 కిలోమీటర్లకు వాళ్ళు టైము పెడతారు. మెల్లగా పోతే ఉద్యోగం రాదు. పొద్దెక్కాక నేను ఇటుక బట్టీకి పోవాలి," అన్నాడు ఒడియాలో. వాడి విషయంలో గడియారం నిజం, స్థానాల పట్టిక నిజం, వరస తెగితే పోయేది మంట బొమ్మ కాదు. నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. మఫ్లరు ఉంచుకోమని, మర్నాడు ఏడున్నరకు ఇదే చోట కలిస్తే ఆస్పత్రికి తీసుకువెళ్తానని చెప్పాను. సరేనన్నాడు.

మర్నాడు ఏడున్నరకు రాలేదు. నాలుగున్నర గుంపుతోనే పరుగెత్తి వెళ్ళిపోయాడని, మూతికి ఎర్ర మఫ్లరు ఉందని, టీకొట్టతను చెప్పాడు.